చలికాలపు ఈత

ఈ రోజు పొద్దున నేను రెండు అబద్ధాలు ఆడాను. రెండూ మా మనవరాలి ఈత గురించే. మా అమ్మాయి కృష్ణపట్నం పోర్టులో ఉద్యోగానికి తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కుతుంది కాబట్టి, తొమ్మిదేళ్ళ మనవరాలిని నెల్లూరులో ఈతకొలనుకు తీసుకుపోయే పని నాది. మూడు రోజులుగా ముసురు. పిల్ల నిన్నటి నుంచి అప్పుడప్పుడూ దగ్గుతోంది. తడిసిన స్కూటరు సీటును నాలుగోసారి తుడిచేసరికి నాకు విసుగొచ్చింది. ఈత అయ్యాక పిల్ల బట్టలు మార్చుకునేలోగా ఈత నేర్పే అమ్మాయి దగ్గరికి పోయి, "చలికి భయపడి పిల్లే రానంటోందమ్మా, మళ్ళీ ఎండాకాలం చూద్దాం" అన్నాను. తిరిగొచ్చేటప్పుడు పిల్లతో, "ఎండాకాలం దాకా వద్దని మీ మేడమే చెప్పింది" అన్నాను. అది నా వీపుకు ముఖం ఆనించి, "నేనేం తప్పు చేసినా తాతా?" అంది.

స్కూటరు పక్కకు తీసి ఆపేశాను. ఆ ప్రశ్న నేను నలభై ఏళ్ళ కిందట మా చెల్లెలి నోట విన్నాను. అప్పుడు ఆడిన అబద్ధాలు కూడా ఇవే. మాట కూడా పెద్దగా మారలేదు.

మాది విడవలూరుకు పడమటి పక్క, వరి పండే ఊరు. సముద్రపు గాలి తగిలేంత దగ్గరే గానీ సముద్రం మాది కాదు, పాళెంలో వలలు వేసేవాళ్ళది. మాకు నీళ్ళంటే మోటబావి. మా ఊళ్ళో ఈత ఆవకాయలాంటిది. ఎండాకాలంలోనే ఆ పని పెట్టుకోవాలి. తేడా ఏమిటంటే ఆవకాయ ఏడాదంతా నిలవ ఉంటుంది, ఈత ఉండదు. బడికి సెలవులివ్వగానే పిల్లలందరి నడుములకూ ఎండు సొరకాయ బుర్రలు కట్టి బావిలోకి తోసేవాళ్ళు. వానలు పడ్డాయంటే బుర్రలు అటకెక్కేవి. ఆ తర్వాత బావి వైపు పోతే పెద్దవాళ్ళు చింతబరికె తీసేవాళ్ళు.

ఈ పద్ధతికి ఒప్పుకోనివాడు మా మేనమామ ఒక్కడే. ఆయన పక్క ఊళ్ళో ఉండేవాడు, కాలువ మీద లస్కరు. తూములు ఎత్తడం, దించడం, గట్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. కాలువలో ఎవరు పడినా తీసేది ఆయనే. "ఎండాకాలం మునిగినోణ్ణి నేనింతవరకు చూడలేదురా. మునిగేదంతా వానల్లో, మీరు నేర్పేదేమో ఎండల్లో. ఏం తెలివి మీది!" అని మా నాన్నను కూడా ఎగతాళి చేసేవాడు. ఒళ్ళు ఈత మర్చిపోదనీ, ఊపిరి మర్చిపోతుందనీ ఆయన వాదన. "చన్నీళ్ళు తగలంగానే గుండె బిగుసుకుంటది. అప్పుడు పీల్చబాకండి, ఊదండి. అది చలిలో దిగితేనే పట్టుబడేది." మాకు నవ్వొచ్చేది. ఊదడం నేర్చుకోవడానికి బావి ఎందుకు, పొయ్యి దగ్గర కూర్చుంటే పోలా?

మా చెల్లెలికి పదకొండేళ్ళు. అప్పటికి రెండు ఎండాకాలాలు ఆయన దగ్గర ఈత నేర్చుకుంది. ఆ కార్తీకంలో దాన్ని ఏడాది పొడుగునా ఈదిస్తానని మామ పట్టుబట్టాడు. ప్రతి ఆదివారం సైకిలు మీద మా పొలం బావికి వస్తాడు. చెల్లెల్ని అక్కడికి తీసుకుపోవడం పంతొమ్మిదేళ్ళ అన్నగా నా బాధ్యత. మొదటి ఆదివారం అది వణుకుతూ, పళ్ళు కొట్టుకుంటూ, నవ్వుతూ బయటికి వచ్చింది. ఇంటికి వస్తుంటే టీ అంగడి దగ్గర నా స్నేహితుడొకడు, "ఏంరా, మీ చెల్లెల్ని పాళెంలో ఇస్తుండారా ఏంది, వలేసేదానికి?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పక్కనున్న చెల్లెలు తల దించుకోలేదు. తల దించుకున్నది నేనే.

తర్వాతి ఆదివారం చెల్లెల్ని ఇంట్లోనే ఉంచి, ఊరి బయటే మామకు ఎదురుపోయాను. "చలికి భయపడి రానంటా ఉంది మామా" అన్నాను. "భయపడే రకం కాదే అది" అని ఆయన సైకిలు తిప్పుకున్నాడు. ఇంటికొచ్చి తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్న చెల్లెలితో, "ఆడపిల్లలకు ఇంక నేర్పనన్నాడు మామ" అన్నాను. "నేనేం తప్పు చేసినా అన్నా?" అంది. నేను భోజనానికి కూర్చున్నాను.

ఆ తర్వాత మామ వస్తే అది వంటింట్లోకి పోయేది. భయపడినందుకు సిగ్గుపడుతోందని ఆయన అనుకున్నాడు. ఆడపిల్లనని తోసేశాడని అది అనుకుంది. అడిగితే చిన్నతనమని ఇద్దరికీ పట్టుదల. ఆ పట్టుదల నాకు బాగా కలిసొచ్చింది.

చెల్లెల్ని సముద్రం వైపు ఊళ్ళో ఇచ్చాం. కొన్నేళ్ళకు దాని ఇంటి వెనక వరిమళ్ళు రొయ్యల గుంటలయ్యాయి. ఒక కార్తీకంలో, ఇలాంటి ముసురులోనే, దాని ఐదేళ్ళ కూతురు బురదగట్టు మీద కాలు జారి గుంటలో పడింది. చెల్లెలు వెంటనే దూకింది. పిల్ల పది బారల దూరంలో ఉంది. రొయ్యలకు మేత వేసే మనుషులు పరుగెత్తుకొచ్చి ఇద్దరినీ తీశారు. బతికింది ఒక్కరే. నేను పోయేసరికి చెల్లెలు తడి చీరతోనే కూర్చుని ఉంది. "కాళ్ళు చేతులు ఆడినాయన్నా. ఊపిరే అందలేదు" అంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పింది. ఊపిరి ఎందుకు అందలేదో అక్కడ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మరుసటి ఏడు మామ పోయాడు. చెల్లెలు రాలేదు. ఒంట్లో బాగాలేదట అని అందరికీ నేనే సర్దిచెప్పాను.

స్కూటరు వెనక్కి తిప్పాను. ఈత నేర్పే అమ్మాయి ముందు, మనవరాలు వింటుండగా, పొద్దున ఇద్దరితోనూ అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయికి కోపం రాలేదు. "చలికాలం మానేసినోళ్ళు ఎండాకాలం మళ్ళీ గోడ పట్టుకునే మొదలుపెడతారు సార్. దగ్గుంటే రెండు రోజులు ఆపండి, ఆర్నెల్లు ఎందుకు?" అంది. మనవరాలు మాత్రం, "ఇంక నా మాటలు నన్నే చెప్పుకోనీ తాతా" అని చెయ్యి విడిపించుకుని ముందు నడిచింది. దాన్ని ఇంట్లో దించి, మధ్యాహ్నం బస్సుకు చెల్లెలి ఊరికి పోయాను.

అది వరండాలో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను చెప్పడం మొదలుపెట్టాక కూడా ఏరుతూనే ఉంది. టీ అంగడి మాట, మామతో చెప్పింది, దానితో చెప్పింది, అన్నీ చెప్పాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. చేట పక్కన పెట్టి, "మామకు తెలుసునా?" అని అడిగింది. తెలియదన్నాను.

"ఆయన పోయినప్పుడు నేను కావాలనే రాలేదు. ముఖం గూడా చూళ్ళేదు గదన్నా" అంది. లోపలికి పోయింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చీకటి పడకముందు బస్సు హారను విని నేనే లేచాను. ఆదివారం మళ్ళీ వస్తానని తలుపు దగ్గర నిలబడి చెప్పాను. రమ్మనకపోయినా పోతాను.

పొద్దున ఆడిన అబద్ధాన్ని సాయంత్రంలోగా వెనక్కి తీసుకోవచ్చని ఈ రోజు తెలిసింది. నలభై ఏళ్ళ కిందటి ఆ ఆదివారానికి కూడా ఒక సాయంత్రం ఉండింది.