రెడ్డెమ్మ పంపిన గేరు సైకిలు

2004లో మంగంపేట రోడ్డు మీద నాకు సైకిలు షాపు ఉండేది. షాపంటే నాలుగు రేకులు, ఒక గాలి పంపు, పంక్చరు చూసుకునే నీళ్ళ తొట్టి. ఎదురుగా ఎస్టీడీ బూతు, పక్కన లారీల మెకానిక్కు. ముగ్గురాయి గనుల నుంచి లారీ వచ్చినప్పుడల్లా బూడిదరంగు దుమ్ము లేచి మా ముగ్గురి మీదా సమానంగా పడేది.

అప్పటికి ఇరవై ఏళ్ళుగా సైకిళ్ళు బాగుచేస్తున్నాను. నా గొప్ప నాకుండేది. మస్తాన్ చేతిలో పడిన సైకిలు పిల్లిలా పోవాలి, కిర్రుమనకూడదు, టక్కుమనకూడదు. చప్పుడు చేసే సైకిలంటే నాకు ఒళ్ళు మండేది.

ఒక బుధవారం ఉదయం ఓబులేసు ఒక సైకిలు తోసుకుంటూ వచ్చాడు. గనిలో రాళ్ళు ఎత్తే కూలీ, మనిషి నెమ్మది. వెంట ఎనిమిదో తరగతి చదివే కూతురు శైలజ. ఆ సైకిలు మా వైపు అప్పటికింకా అరుదు. లావు టైర్లు, అడ్డంగా ఉన్న హ్యాండిలు, వెనక ఆరు పళ్ళచక్రాలు. మౌంటెన్ బైక్ అంటారు, మేము గేరు సైకిలు అనేవాళ్ళం.

“కువైట్ నుంచి మా యమ్మ పంపించింది మామా” అంది శైలజ.

శైలజ తల్లి రెడ్డెమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తూ ఉండేది. అక్కడికి పోయి మూడేళ్ళు. ఆ ఇంటి పిల్లవాడు పెద్దవాడై సైకిలు వదిలేస్తే, దొరసానిని బతిమాలి అడిగి తీసుకుని, కార్గోలో వేసి పంపింది. అది ఓడెక్కి మంగంపేట చేరేసరికి రెండు నెలలు పట్టింది. చేరాక చూస్తే పెడల్ తిరుగుతుంది గానీ చక్రం కదలదు.

“బాగుండాదా, పాప ఎక్కుతాండాదా అని ప్రతి శుక్రవారం ఫోన్లో అడుగుతాండాది. బ్రమ్మాండంగా పోతాండాదని చెప్తాండా” అన్నాడు ఓబులేసు తల వంచుకుని. “ఇప్పుడేమో ఈ శుక్రవారం సైకిలు బూతు కాడికి తెచ్చి, చక్రం తిప్పి ఇనిపించమంటాండాది.”

“చక్రంలో ఇనేదేముందప్పా?”

శైలజ జవాబు చెప్పింది. “ఆడ వరండాలో అమ్మ రోజూ ఆ సైకిలు తుడిచేదంట. తుడిచినాక చక్రం తిప్పేదంట. టిక్‌టిక్‌మని ఆ సప్పుడు ఇంటాంటే, నేను దాన్నెక్కి బడికి పోతాండట్లు కనపడేదంట.”

ఆ మాట నేను విన్నాను గానీ పట్టించుకోలేదు. నా కళ్ళు చక్రం మీదే ఉన్నాయి.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. వెనక చక్రం నడిమి భాగాన్ని హబ్ అంటారు. దానికి బిగించిన పళ్ళచక్రాల లోపల ఫ్రీవీల్ ఉంటుంది. అందులో గోరంత ఇనుప కొక్కేలు రెండు, వాటి వెనక వెంట్రుకలాంటి స్ప్రింగులు. తొక్కినప్పుడు కొక్కేలు లేచి లోపలి పళ్ళను పట్టుకుంటాయి, చక్రం కదులుతుంది. తొక్కడం ఆపితే ఆ పళ్ళ మీదుగా జారుతూ టిక్‌టిక్‌మంటాయి. ఈ సైకిల్లో ఎడారి ఎండకు చిక్కబడ్డ పాత గ్రీజు, ఓడలో రెండు నెలలు కదలక మైనంలా గడ్డకట్టి కొక్కేలను కదలనివ్వడం లేదు. పట్టూ లేదు, చప్పుడూ లేదు.

ఫ్రీవీల్ మూత మర ఉల్టా తిరుగుతుంది. పంచ్ పెట్టి సుత్తితో మెల్లగా తట్టి ఊడదీశాను. ఆవగింజలంత బాల్సు గుడ్డలో పోసుకుని, గడ్డకట్టిన గ్రీజు గీకేశాను. కొక్కేలు లేచాయి. అక్కడితో ఆగి రెండు చుక్కల నూనె వేసి ఉంటే సరిపోయేది. నాకు మనసొప్పలేదు. విదేశీ సరుకు, మళ్ళీ చెడిపోకూడదని పక్క లారీల మెకానిక్కు దగ్గర మందపాటి గ్రీజు తెచ్చి నిండా కూరాను. లారీ చక్రాలనే మోసే గ్రీజు, సైకిలును మోయదా అనుకున్నాను. బిగించి తిప్పితే చక్రం గాలిలా తిరిగింది, చిన్న చప్పుడైనా లేదు.

“చూడప్పా, ఎట్ల తిరుగుతాండాదో!” అన్నాను. శైలజ వంగి చక్రం దగ్గర చెవి పెట్టింది. ఆ పిల్ల ముఖం అప్పుడే చూసి ఉండాల్సింది.

శుక్రవారం నేను జుమ్మా నమాజు చేసుకుని వచ్చి షాపు తెరిచేసరికి మూడు దాటింది. ఎదుటి బూతులోంచి ఓబులేసు సైకిలు తోసుకుంటూ బయటికి వచ్చాడు, వెనకే శైలజ. రోడ్డు దాటి నా షాపు ముందు ఆగాడు.

“ఏమైందప్పా?”

“చక్రం తిప్పి ఫోను కాడ పెట్టినా. ఏమీ ఇనపడల్యా. అమ్ముకున్న్యావు గదా అనింది. ఇంగెవురిదో సైకిలు తెచ్చి తిప్పుతాండావా అనింది.” సైకిలును రేకులకు ఆనించాడు. “ఇంగ ఫోన్ చెయ్యనని పెట్టేసింది.”

అంతకు ముందు ఏడు ఆమె పంపిన టేపురికార్డరును వాడు అమ్మేసిన మాట నిజం. శైలజకు జ్వరం ముదిరి ఆస్పత్రిలో పడితే అమ్మాడు. రెడ్డెమ్మకు ఆ జ్వరం సంగతి చెప్పలేదు, దూరాన ఉన్న మనిషి దిగులు పడుతుందని. అందుకే ఆమెకు అనుమానం.

“నాయన అమ్మల్యా మామా. నువ్వే సప్పుడు తీసేస్తివి” అంది శైలజ. మోకాలు గీరుకుపోయి ఉంది. బూతుకు వచ్చేటప్పుడు మిట్టెక్కుతుంటే పెడల్ ఒక్కసారిగా ఖాళీగా తిరిగి పడిపోయిందట. నా గ్రీజు మందానికి స్ప్రింగులు కొక్కేలను లేపలేకపోయాయి. పని చెడింది, ఒక సంసారంలో మాట కూడా చెడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి రోజు ఇంకే పనీ ముట్టలేదు. ఫ్రీవీల్ మళ్ళీ విప్పి, కిరసనాయిల్లో మూడుసార్లు కడిగి, ఎండలో ఆరబెట్టాను. టైలరు దగ్గర కుట్టుమిషను నూనె అడిగి తెచ్చాను. కొక్కేనికి ఒక్క చుక్క. బిగించి చక్రం తిప్పాను. టిక్ టిక్ టిక్ టిక్.

నా షాపులో ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చోవడం అదే మొదలు. మా నాయన సైకిలు మీద గాజులమ్మేవాడు. సందు మొదట్లో తొక్కడం ఆపేవాడు, టిక్‌టిక్ వినపడగానే మేము పిల్లలం వాకిట్లోకి ఉరికేవాళ్ళం. ఆయన పోయి పదిహేనేళ్ళు. ఆ చప్పుడు కోసం నా ప్రాణం ఎంత కొట్టుకుంటుందో ఆ రోజు తెలిసింది. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ సైకిళ్ళలో దాన్నే నేను చంపుతూ వచ్చానా అనిపించింది.

తర్వాతి శుక్రవారం నేను కూడా బూతుకు పోయాను. రెడ్డెమ్మ ఎప్పుడూ చేసే మూడు గంటలైంది, ఫోను మోగలేదు. మూడుంబావైంది. ఓబులేసు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. శైలజ మాత్రం సైకిలు సీటు పట్టుకుని ఫోను వైపే చూస్తోంది. “చేస్తాది” అంది ఒకసారి, ఎవరూ అడక్కుండానే.

ఇంకో పది నిమిషాలకు మోగింది. శైలజ అందుకుంది.

“అమ్మా, ఏం మాట్లాడొద్దు. ఇను.”

ఓబులేసు సైకిలు వెనక భాగం పైకెత్తాడు. శైలజ రిసీవరు హబ్ దగ్గర పెట్టింది. నేను చక్రం తిప్పాను. మొదట ఒకటే వరసగా, తర్వాత విడివిడిగా, చివరికి ఒక్కో టిక్కూ వినపడి ఆగిపోయింది. రిసీవరులోంచి ఏడుపు మాకు కూడా వినపడింది.

“అదే” అంది రెడ్డెమ్మ చివరికి. “అదే సప్పుడు. ఇంగోసారి తిప్పండి.”

ఎన్నిసార్లు తిప్పానో తెలియదు. ఆగినప్పుడల్లా “ఇంగోసారి” అంది. తర్వాత శైలజ తన జ్వరం సంగతి, టేపురికార్డరు సంగతి అన్నీ చెప్పేసింది. ఓబులేసు ఫోను తీసుకుని “ఊ… ఊ” అంటూ నిలబడ్డాడు. ఇక పెట్టేస్తారనగా ఆమె నన్ను పిలిపించింది.

“అన్నా, నేనొచ్చేదాకా ఆ సప్పుడు అట్లే ఉండనీ.”

ఫ్రీవీల్‌లో గ్రీజు కూరకూడదని ఆ సైకిలు నాకు నేర్పింది. పనిముట్టు పట్టకముందు మనిషి ఏం అడుగుతున్నాడో వినమని కూడా నేర్పింది. అప్పటి నుంచి ఏ సైకిలైనా ఇచ్చే ముందు వెనక చక్రం ఎత్తి తిప్పి వింటాను. “ఏమప్పా, ఆ టిక్‌టిక్ తీసెయ్యరాదా, శానా సతాయిస్తాండాది” అని ఎవరైనా అంటే ఒకటే చెప్తాను.

“ఉండనీప్పా. నువ్వొస్తాండావని ఇంట్లోవాళ్ళకు తెలుస్తాది.”