సెయ్యి సూపిత్తేనే కదిలే ఫియట్టు

మా పెళ్లి ఎలగ కుదిరిందని అందరూ అడుగుతారు. జాతకాలు కలిసినాయా, మేనరికమా అని. జాతకాలూ కాదు, మేనరికమూ కాదు బాబూ! పోర్టు రోడ్డు రైలు గేటు కాడ, లారీల మజ్జిన, పట్టపగలు నా పరువు గంగలో కలిసి కుదిరింది. టీ తాగండి, సెప్తాను. గుటకేసేటప్పుడు మాత్రం నవ్వకండి, సొక్కాలు పాడైపోతాయి.

నాను క్రేను ఆపరేటర్ని కదా. ఓడలోంచి సరుకు ఎత్తడం, గట్టు మీదకి దించడం. ఈ పనిలో ఒకటుంది. మీద కేబిన్లో కూకున్నోడికి ఓడ అడుగున ఏటుందో కనపడదు. డెక్కు మీద సిగ్నలు మేను నిలబడి సెయ్యి సూపిత్తాడు. వేలు పైకి తిప్పితే ఎత్తాల. కిందకి తిప్పితే దించాల. అరచెయ్యి సాపితే ఆపీయాల. అంతే! సొంత తెలివి వాడకూడదు. సొంత తెలివి వాడినోడు ఎవుడి నెత్తి మీదో బస్తాలు దించుతాడు. నాను సొంత తెలివి జోలికి ఎళ్లకుండా ఇన్నేళ్లూ నెట్టుకొచ్చీసినాను. మంచి ఆపరేటరని పేరు కూడా ఉంది!

నా సిగ్నలు మేను మా సింహాచలం. వరసకి బావ. కారు నేర్పింది కూడా ఆడే. కారు మా ఇంటి ఓనరు గారిది, ముసలి ఫియట్టు. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉంటాది, మా క్రేను లివరు లాగే. సెలవు రోజు ఖాళీ యార్డులో ఆడు కారు ముందు నిలబడీవోడు. అలవాటు కదా, వేలు పైకి తిప్పితే నాను ముందుకి పోవాల, కిందకి తిప్పితే రివర్సు, అరచెయ్యి సాపితే బ్రేకు. కొన్నాళ్లకి ఏం తోలీవోణ్ణనుకున్నారు! ఎనిమిదంకె కొట్టీసీవోణ్ణి. కాకపోతే ఆ సెయ్యి ఎదర నేకుండా ఒక్కసారి కూడా తోలనేదన్న సంగతి మా ఇద్దరికీ తట్టనే నేదు.

ఇలగుండగా ఎలమంచిలి నుంచి సంబంధం వచ్చింది. పిల్ల పేరు వరలక్ష్మి. ఎవరిదో పెళ్లిలో భోజనాల కాడ వడ్డిత్తంటే సూసినాను. అడక్కుండానే నా ఆకులో మళ్లీ పప్పేసింది. అయిపోనాది! అంతే, ఆ పిల్ల తప్ప ఇంకెవులూ వద్దనీసినాను. ఇంక ఆ పిల్ల తండ్రి సన్యాసినాయుడు గారు. రైతు. పెద్ద మీసాలు, కటువు మాట. "ఎప్పుడూ క్రేను మీదే కూకునీ కుర్రోడికి కింద ఏటైనా పని వచ్చా?" అని అడిగినారంట పెళ్లిళ్ల పేరయ్యని. ఆ పేరయ్య నోరు ఊరుకుంటాదా? "కారు తోల్తాడండీ!" అనీసినాడు.

"అయితే సూత్తాను. బుధవారం రైలుకి వత్తన్నాను, కారేసుకుని స్టేషనుకి రమ్మను. తోలడం రాకపోతే మరి ఈ మాట ఎత్తొద్దు" అన్నారంట పెద్దాయన.

నాను యార్డుకి పరిగెత్తినాను. "ఏటి బావా ఇప్పుడు సెయ్యడం?" అన్నాను సింహాచలంతో.

"ఎర్రిబాగులోడా, నానున్నాను కదేటి! పక్కన కూకుంటాను. నువ్వు నా సెయ్యి సూడు, అంతే" అన్నాడు.

బుధవారం వచ్చింది. పెద్దాయన తలపాగా, కండువా, ఒళ్లో మామిడి పళ్ల సంచి, ఎనక సీట్లో నిండుగా కూకున్నారు. సింహాచలం నా పక్కన. డేష్ బోర్డు మీదకి సెయ్యి సాపి వేలు పైకి తిప్పినాడు. కారు మెత్తగా కదిలింది. అరచెయ్యి సాపినాడు, ఆగింది. వేలు తిప్పినాడు, కదిలింది. పెద్దాయన కొంచెంసేపు సూసి, నా సెవి కాడికి వంగి మెల్లిగా అడిగినారు.

"ఆ బాబుకి సేతులకి ఏటైనా జబ్బా?"

"నరాలండీ" అన్నాను.

"అయ్యో పాపం" అన్నారు.

అలగలగ రైలు గేటు దాకా రాజాలాగ వచ్చీసినాం. అక్కడ దొరికిపోనాం. ఖనిజం మోసీ గూడ్సు బండి పోతాంది, పోతాంది, ఎంతకీ అవదు. అదయ్యాక గేటు ఎత్తినారు. ఎత్తితే ఏటి లాభం? ఇటోళ్లందరూ ఒక్కసారే, అటోళ్లందరూ ఒక్కసారే! ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి ఇనుము మోసీ లారీలు, రిక్షాలు, ఎడ్లబళ్లు, షిఫ్టు బస్సులు. రెండడుగులు కదులు, ఆగు. మళ్లీ రెండడుగులు, ఆగు. క్లచ్చు తొక్కు, ఫస్టు ఎయ్యి, వదులు, మళ్లీ తొక్కు. నా ఎడమ కాలు కుట్టుమిషను తొక్కినట్టు ఒకటే వొణుకు. ఫియట్టు కప్పలాగ ఒక గెంతు గెంతి ఆగిపోతాంది. గెంతినప్పుడల్లా ఎనక నుంచి "ఓలమ్మో!" అని పెద్దాయన గొంతు. తలపాగా కళ్ల మీదకి దిగిపోనాది.

సింహాచలానికి సెయ్యి నొప్పెట్టింది. "బావా, ఇలగ కాదు గానీ దిగి సూపిత్తాను. మనకి అలవాటైన పద్ధతి" అనీసి దిగిపోనాడు. కారుకి ఎదురుగా నిలబడి, ఎనక్కి ఎనక్కి నడుసుకుంటా వేలు తిప్పడం మొదలెట్టినాడు. ఏటి సెప్పమంటారు! ఓడని రేవులోకి తెచ్చినట్టు తెత్తన్నాడు నన్ను. రిక్షావోళ్లు ఈలలు. బస్సు కిటికీల్లోంచి తలకాయలు. అయినా సరే, కారు బాగానే పోతాంది.

అదే టైముకి రోడ్డు పక్కన జాలరిపేట సేపలావిడ గంప దించుకుని సైకిలాయనతో దెబ్బలాడతాంది. "పాసిపోనాయా? నా సేపలా? సూడు, మొప్పలు సూడు!" అని గంపలోకి వేలు కిందకి గిరగిరా తిప్పింది.

నానేటి సేసినాను? రివర్సు ఏసీసినాను. ఏ సెయ్యి కనపడితే ఆ సెయ్యి మాట వినడం నా బుర్రకి అలవాటైపోనాది మరి! ఎనక రిక్షాకి ధన్‌మని తగిలింది. రిక్షావోడు మా వంశంలో ఒక్కరినీ వదలకుండా తిడతన్నాడు. ఆవిడేమో ఇప్పుడు వేలు ఆకాశంకేసి ఎత్తి, "పైన దేముడున్నాడు! అబద్దమాడితే నా కళ్లు పోతాయి!" అని పైకి తిప్పింది.

ఫస్టు గేరు! ఏక్సిలేటరు!

సింహాచలం "వోర్నాయనో!" అని గెంతి ముందున్న లారీ ఎనక గొలుసు పట్టుకుని ఏలాడీసినాడు. సరిగ్గా అప్పుడే లారీకి దారి దొరికింది. ఎళ్లిపోనాది, మా బావతో సహా! ఆడు దూరం నుంచి ఒంటి సేత్తో పైకీ కిందకీ ఏటో సూపిత్తన్నాడు. నాను కూడా పైకీ కిందకీ గేర్లు మారుత్తన్నాను.

ఈల ఊదుకుంటా కానిస్టేబులు వచ్చినాడు. పక్కకి రమ్మని వేలు తిప్పినాడు. ఎళ్లినాను. సరాసరి ఆయన మీదకే. ఆయన బెదిరిపోయి రెండు సేతులూ పైకెత్తీసినాడు. పైకంటే నాకు ముందుకే కదా! ఆయన రోడ్డు పక్క కాలవ దాటి ఎదరున్న గోడెక్కీసినాడు. ఎక్కినోడు ఊరుకోవచ్చు కదా! గోడ మీంచి కూడా సేతులు ఊపుతాడేటి!

కాలవలోకి ఎళ్లిపోతన్నాననగా, ఎనక సీట్లోంచి ఒక సెయ్యి నా బుగ్గ పక్క నుంచి దూసుకొచ్చి అద్దం ముందు అరచెయ్యి సాపింది. దుక్కి దున్నిన సెయ్యి, ఇంత పెద్దది. ఆగిపోనాను. ఇంజనూ ఆగిపోనాది.

నాకు ఏడుపొచ్చీసింది. ఇంకేటి సంబంధం, ఇంకేటి వరలక్ష్మి! ఆ పిల్లని ఇంకెవుడో సేసుకుంటాడు, ఆడి ఆకులో పప్పేత్తాది.

"ఏం బాబూ, నీకు కారు తోలడం రాదా?" అన్నారు పెద్దాయన, తలపాగా పైకి తోసుకుంటా.

"వచ్చండీ. ఎవులైనా సెయ్యి సూపిత్తే వచ్చు" అని క్రేను సంగతంతా సెప్పీసినాను. దాసి ఏటి లాభం?

ఆయన మీసం దువ్వుకున్నారు. "ఏదీ, స్టార్టు సెయ్" అని వేలు కిందకి తిప్పినారు. ఎనక్కొచ్చినాను. అరచెయ్యి. ఆగినాను. పైకి. కదిలినాను. మళ్లీ ఎనక్కి, మళ్లీ ముందుకి. ఆయన మొహం సూడాల! కొత్త ఎడ్లు కొన్నప్పుడు కూడా అంత సంబరపడి ఉండరు. కానిస్టేబులుని గోడ మీంచి దించి, తిట్టినన్ని తిట్లూ ఓపిగ్గా పడి, సేతిలో రెండు మామిడి పళ్లు పెట్టినారు. కండువా నడుంకి సుట్టుకున్నారు. కారుకి ఎదురుగా నిలబడి, "హై! హై!" అనుకుంటా మా వీధి దాకా తోలుకొచ్చీసినారు. ఆయన నడక, నాను కార్లో.

మా అమ్మ గుమ్మంలో హారతి పళ్లెంతో నిలబడింది. సూసి గుండె బాదుకుంది. "ఓరి నీ బతుకు సెడ! అన్నయ్యగారిని నడిపించి నువ్వు కారెక్కి కూకున్నావురా!"

"ఊరుకో సెల్లెమ్మా" అన్నారాయన సెమట తుడుసుకుంటా. "మీవోడికి కారు తోలడం రాదు. ఈ జన్మకి రాదు. కానీ నా ఎడ్లు కూడా ఇంత బుద్ధిగా మాట వినవు. మా వరలక్ష్మి సెయ్యి ఊపకుండా ఒక్క మాట మాటాడదు. ఇంతకంటే తగినోడు దానికి దొరకడు. ముహూర్తం పెట్టించు."

సింహాచలం సాయంత్రానికి గాజువాక నుంచి బస్సులో వచ్చినాడు, ఒళ్లంతా ఇనుప తుప్పు. ఆడికి శుభవార్త సెప్తే నమ్మనేదు.

ఇదేటి సూసినారు, పెళ్లి పీటల మీద ఇంకో గొడవైంది. అక్షింతలు ఎయ్యండని పురోహితుడు గారు సెయ్యి పైకెత్తితే నాను—

అదుగో. వరలక్ష్మి వంటింటి గుమ్మంలోకొచ్చి అరచెయ్యి సాపింది. ఆపీసినాను.