గురజాల దాటాక తెల్లరాయి

మాచర్ల బండి గుంటూరులో పొద్దున ఆరింటికి కదులుతుందని బోర్డు మీద రాసి ఉంటుంది. బోర్డును నమ్మి అయిదింటికే వెళ్లి కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆరున్నరకు ఇంజను వచ్చింది. ఏడు కావస్తుండగా కూత వేసింది. మూడో తరగతి టిక్కెట్టు ఇస్తూనే గుమాస్తా, "లైన్లో పని జరుగుతోంది మేష్టారూ, ఎప్పుడు చేరతారో నేను చెప్పలేను" అని హెచ్చరించాడు. ఈ దారిన వెళ్లదలచినవారు మరచెంబు నిండా నీళ్లు, రెండు పూటలకు చాలే తిండి వెంట ఉంచుకోవడం మంచిది. నేను స్టేషను బయట ఇడ్లీలు పొట్లం కట్టించుకున్నాను. ఒంటిమనిషికి ఎంత తిండి కావాలో నాకు ఇన్నేళ్లయినా లెక్క కుదరదు. ఎప్పుడూ ఇద్దరికి చాలేంత కట్టించుకుంటాను.

ఎండాకాలంలో ఊరికే చూసి రావడానికి రెంటచింతల వైపు వెళ్లేవాడికి మతి ఉందని ఎవరూ అనరు. నాకు పని ఉంది. నా భార్య సువార్తమ్మ సమాధి గురజాల దాటాక రైలుకట్ట పక్కన ఉంది. నేను అక్కడి మిషన్ బళ్లో పనిచేసే రోజుల్లో జ్వరం తగిలి పోయింది. అప్పుడు ముసురు. వాగు పొంగి అవతలి ఒడ్డున ఉన్న సమాధుల తోటకు దారి లేదు. వాగు తీస్తుందేమోనని చూసి చూసి, ఇక లాభం లేదనుకున్నాక రైలు గ్యాంగువాళ్లే జాలిపడి కట్ట పక్కన గొయ్యి తీసిపెట్టారు. తరువాత నేనొక నాపరాయి నిలబెట్టి, ఆమె పేరు, పేరు పైన సిలువ చెక్కించాను. మాకు పిల్లల్లేరు. నన్ను బాపట్లకు మార్చాక రాకపోకలు తగ్గాయి.

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక, గురజాల నుంచి వచ్చిన ఒకాయన గుడి మెట్ల మీద మాటవరసకు, "కొత్త పట్టాల కోసం అక్కడ కట్ట పక్కంతా తవ్వుతున్నారండీ" అన్నాడు. ఆయనకు అది ఊరి కబురు. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. బడికి సెలవు పెట్టి, సంచిలో నల్లరంగు డబ్బా, సన్నకుంచె వేసుకుని బయలుదేరాను. సమాధి ఉంటే అక్షరాలు దిద్దుదామని. లేకపోతే ఏం చేయాలో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

సత్తెనపల్లిలో టీ బాగుంటుంది, తాగండి. అక్కడే మస్తాన్ అనే మెకానిక్కు ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. సాగరం ఆనకట్ట పనిలో లారీలు బాగుచేస్తాడట. మనిషి మాటకారి. నేను అడక్కుండానే లైను సంగతంతా చెప్పుకొచ్చాడు.

"సిమెంటు, ఇనుము అంతా మాచర్ల దాకా ఈ లైనే మొయ్యాల గద సారూ. పాతవి బక్క పట్టాలు. ఆ బరువు ఆగవు. అందుకని లావు పట్టాలేత్తన్నారు. కట్ట గూడా ఎడల్పు జేత్తన్నారు."

"మట్టి ఎక్కణ్ణించి తెస్తున్నారు?" అని అడిగాను.

"తేవడమేంది? పక్కనే తవ్వి పైన పోత్తన్నారు."

"పక్కన ఏమైనా ఉంటేనో?"

"ఏముంటయి సారూ, తుమ్మచెట్లు."

అతనికి ఇడ్లీలు పెట్టాను. ఇద్దరి పొట్లం ఎలాగూ ఉంది. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల పొగ పెట్టెలోకి కమ్ముకుంటే అందరం కిటికీ చెక్కలు దించుకున్నాం. నడికుడిలో పక్క లైను నిండా సామాను బండ్లు నిలబడి ఉన్నాయి. కొన్నిటి మీద కొత్త పట్టాలు, కొన్నిటి మీద కొయ్య స్లీపర్లు, మిగతా వాటి మీద కంకర. మస్తాన్ వాటిని చూసి పెళ్లివారి సారె చూసినంత సంబరపడ్డాడు. నేను మాత్రం కిటికీ చెక్క మళ్లీ దించేశాను.

గురజాలలో పదకొండున్నరకు బండి ఆగింది. ఆగింది ఆగినట్టే ఉంది. స్టేషను మాస్టరు బయటికి వచ్చి అందరికీ వినపడేలా చెప్పాడు. "ముందు పాత పట్టాలు ఊడదీశారు. కొత్తవి బిగించి, కంకర సర్ది, సామాను బండి ఇక్కడికి తిరిగొస్తే గానీ మీ బండి వదలను. సాయంత్రం అవుతుంది."

తట్టలో మామిడికాయలు పెట్టుకున్న ఒక ముసలావిడ లేచి నిలబడింది. "ఏందయ్యా, మేం ఎక్కిన పూటే ఊడబీకాల్నా? నిన్నంతా ఏం జేశారు, గుడ్డిగుర్రానికి పళ్లు తోమారా?"

జనం గొల్లుమన్నారు. స్టేషను మాస్టరు కూడా నవ్వు ఆపుకుంటూ గదిలోకి పోయాడు. నేను నవ్వే స్థితిలో లేను. నడిస్తే గంటలో చేరే చోటుకు సాయంత్రం దాకా కూర్చుని ఎదురుచూడటం నావల్ల కాదు. గొడుగు వేసుకుని కట్ట పక్క కాలిబాట పట్టాను.

పని చూడవలసిందే. సామాను బండి ముందుకు జరిగి ఆగుతుంది. దాని మీది పట్టాను గ్యాంగువాళ్లు వరసగా నిలబడి పెద్ద పటకార్లతో పట్టి, ఒకడు పాట అందుకుంటే మిగతావాళ్లు వంత పాడుతూ దించుతారు. పాట తప్పితే అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే కాలు పోతుంది. ఊడదీసిన పాత పట్టాలు పక్కన ఎండలో పడి ఉన్నాయి. ఇన్నాళ్లూ మమ్మల్ని మోసింది ఇంత సన్నటి ఇనుమా అనిపించింది.

ఇంకొంచెం ముందుకు వెళితే మట్టిపని. కట్ట పొడుగునా మనిషి లోతున తవ్వేశారు. ఆడవాళ్లు తట్టలెత్తుకుని గట్టెక్కుతున్నారు. నేను గుర్తు పెట్టుకున్న తుమ్మచెట్టు లేదు, గట్టు లేదు. ఎక్కడని వెతకను? అక్కడే నిలబడ్డాను.

అప్పుడు కనపడింది. మట్టి ఎంత తీశారో తెలియడానికి తవ్వేవాళ్లు గుంట మధ్యలో అక్కడక్కడ నేలను తాకకుండా దిబ్బలుగా వదిలేస్తారు. దిబ్బ ఎత్తు కొలిస్తే గుంట లోతు తెలుస్తుంది. అలాంటి ఒక దిబ్బ మీద నా నాపరాయి నిలబడి ఉంది. తెల్లగా, మందంగా సున్నం కొట్టి ఉంది. మిగతా దిబ్బల కంటే అది వెడల్పు. సమాధి మొత్తం దానిలో క్షేమంగా ఉంది.

నేను గుంటలోకి దిగి దాని దగ్గరికి పోతుంటే, తట్ట దించి ఒకావిడ అడ్డం వచ్చింది. మట్టిపని మేస్త్రీ భార్య గురవమ్మ. "ఓ పెద్దాయనా, దాని జోలికి పోమాక. రైలోళ్ల రాయి. కదిలిత్తే మా కొలత చెడుద్ది."

"రైలోళ్ల రాయని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవురో చెప్పేదేంది? సున్నం కొట్టి లేదూ?"

అంతే సంగతి. పెద్ద దొరల ట్రాలీ వస్తుందంటే గ్యాంగువాళ్లు కట్ట పక్క రాళ్లన్నిటికీ సున్నం కొడతారు. పాత గ్యాంగు వెళ్లిపోయి కొత్తవాళ్లు వచ్చాక సువార్తమ్మ రాయికీ కొట్టేశారు. కొట్టగా కొట్టగా పేరు, సిలువ పూడిపోయాయి. తవ్వేవాళ్లు రైల్వే రాయి గదా అని చుట్టూ వదిలేశారు. తెలియని పొరపాటే ఆమెను కాపాడింది. నేను గురవమ్మతో, "ఇది నా భార్య సమాధి" అన్నాను.

ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. "ఆయమ్మ పేరేంది?"

చెప్పాను. ఆ పేరు పైకి అని ఎంతకాలమైందో.

గురవమ్మ రాయి వైపు తిరిగి చేతులు జోడించింది. "సువార్తమ్మ తల్లీ, ఇన్నాళ్లూ నీ నీడనే సద్ది తిన్నాం, తెలవక. ఏమనుకోమాక." తరువాత నా వైపు తిరిగి, "రేపటికి కొలతలైపోతయ్యి అయ్యగారూ. అయినాక దిబ్బలన్నీ తీసెయ్యమన్నారు" అంది.

మూడింటికి ఓవర్‌సీరు ట్రాలీ మీద వచ్చాడు. కుర్రవాడు, ఎండకు కమిలిపోయి ఉన్నాడు. నేను దారంతా కూర్చుకున్న ఇంగ్లీషు ముక్కలన్నీ మర్చిపోయి తెలుగులోనే మొత్తుకున్నాను. అతను రాయిని, నన్ను మార్చి మార్చి చూశాడు.

"మాస్టారూ, రైల్వే స్థలంలో సమాధి ఉందని నేను రాస్తే తీసెయ్యమనే ఉత్తరువు వస్తుంది. కావాలంటే ఇవాళే సమాధుల తోటకు మార్పించుకోండి, మనుషుల్ని ఇస్తాను."

"ఇన్నేళ్లకు నిద్రలేపి ఎక్కడికి తీసుకుపొమ్మంటారు?"

అతను తట్టలవాళ్ల వైపు ఒకసారి చూశాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు. "రైల్వే రాయికైతే ఎవడూ గడ్డపార తగిలించడు. దిబ్బ అంచులు ఏటవాలుగా చెక్కిస్తాను, వానకు కూలదు. కానీ రైల్వే రాయి మీద పేరుండదు, సిలువుండదు. సున్నమే ఉంటుంది."

ఒళ్లు మండిపోయింది. "ఆమెకు పేరు పెట్టింది మీ రైల్వే కాదు!" అని అరిచాను. తట్టలవాళ్లు ఆగి చూశారు. అతను కోప్పడలేదు. "మీ ఇష్టమండీ" అన్నాడు. అతను కసిరి ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అనేసి, మనసు తేలిక చేసుకుని పోయేవాణ్ణి.

దిబ్బ ఎక్కి రాయి పక్కన కూర్చున్నాను. గోటితో సున్నం గీకితే 'సు' బయటపడింది. దాని మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఉన్నాను. సంచిలో రంగు డబ్బా ఉంది. పేరు నిలిపితే మనిషి పోతుంది, మనిషిని నిలిపితే పేరు పోతుంది. ఏ బళ్లోనూ నేర్పని లెక్క ఇది. చివరికి గురవమ్మను అడిగి గ్యాంగువాళ్ల సున్నపు బాల్చీ తెప్పించుకున్నాను. గీకిన చోట నేనే కుంచెతో కొట్టాను. సరిపోదేమోనని ఇంకోసారి కొట్టాను. నల్లరంగు డబ్బా గురవమ్మకే ఇచ్చేశాను.

బండి అయిదు దాటాక వచ్చింది. పని జరిగేచోట మెల్లగా నడిపారు గనుక ఓవర్‌సీరే చెయ్యెత్తి ఆపించి నన్ను ఎక్కించాడు. మస్తాన్ చోటిచ్చి, "తుమ్మచెట్లేగా సారూ?" అన్నాడు. తల ఊపాను. మాచర్లలో స్టేషను ఎదుటి భోజన హోటలు పైన గది దొరుకుతుంది. మంచం పరవాలేదు, నల్లులకు మాత్రం సిద్ధపడి వెళ్లండి. జొన్నరొట్టె, గోంగూర బాగున్నాయన్నారు. నాకు రుచి తెలియలేదు.

మర్నాడు పొద్దున తిరుగు బండి. కొత్త పట్టాలు పడ్డ మేర కుదుపు లేదు, మరచెంబులో నీళ్లు కూడా తొణకలేదు. పని మంచి పనే, కాదనను. పల్నాడుకు ఇక సామానైనా మనుషులైనా సుఖంగా వస్తారు. ఆ తెల్లరాయి ఏ వైపు కిటికీలో కనపడుతుందో మాత్రం అడగకండి. ఒకవేళ కంటపడినా చూడనట్టే పొండి.

రెంటచింతలలో ఎక్కిన ఒకావిడ నా పక్కన కూర్చుంది. గుంటలు రాగానే కిటికీలోంచి తొంగిచూసి నన్ను తట్టింది.

"ఏంది సారూ అది, దిబ్బ మీద తెల్లంగా?"

"రైలోళ్ల రాయమ్మా" అన్నాను.

"అంతేనా" అని ఆవిడ ఒళ్లో వేరుశెనక్కాయలు పోసుకుని ఒలుచుకోసాగింది. నాకూ ఒక గుప్పెడు పెట్టింది. సత్తెనపల్లిలో ఆవిడ దిగేదాకా ఏడుపు ఆపుకున్నాను.