షమీమక్క, చెన్నకేశవుల పాస్‌వర్డ్

ఆస్పత్రి కౌంటరు పక్కన పెట్టిన కంప్యూటరు మీద ఒక పెద్దాయన ఒంటివేలితో మీటలు నొక్కుతున్నాడు. టక్కు... ఆగి, మళ్లీ టక్కు. ఆ చప్పుడు వింటే నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాదు. వెళ్లి ఆయన వెనక నిలబడాలనిపిస్తుంది. ఈ జబ్బు నాకు అంటించింది మార్కాపురంలో షమీమక్క. నా మొదటి ఉద్యోగం ఆమె దగ్గరే. బత్తాయి తోటలకు ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లు పంపేవాళ్లకు ఆమె వెబ్‌సైటు రాసిచ్చింది. రైతు తన పేరు, పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్తేనే వరుసలో చోటు. అక్క ఒకచోట నిలిచే మనిషి కాదు. టీ గ్లాసు కిటికీలో, చెప్పులు గడపలో, తను వీధిలో. కోపం ముక్కు మీదే ఉండేది.

ఆ వేసవిలో హనుమంతునిపాడు వైపు నుంచి చెన్నకేశవులు అనే రైతు వచ్చాడు. పాస్‌వర్డ్ తప్పంటోందట. కొత్తది పెట్టిచ్చాను. అదీ తప్పే అంది. "కాపుకొచ్చిన చెట్లమ్మా. ఈ వారం తడి అందకపోతే కట్టెలే," అన్నాడాయన. కంగారుపడి కోడ్ తెరిచి కనిపించిందల్లా మార్చబోయాను.

అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆగు. ఏడ తెగిందో చూడకుండా తాడంతా ముడేస్తావా? పెదనాయనా, నువ్వు కొట్టు, నేను చూస్తా."

వెనకే నిలబడి చూసింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు. గదిలో రెండు చుట్లు తిరిగి, "నీ పేరుగల్లోళ్లు మీ పక్క ఎంతమంది?" అని అడిగింది.

"మా ఇంట్లోనే ఇద్దరమమ్మా. తాత పేరు."

అక్క నెత్తి కొట్టుకుంది. లాగిన్ సరిచూసే స్క్రిప్టు రైతు పేరుతో వెతికి, కొట్టిన పాస్‌వర్డ్‌ను మొదట దొరికిన చెన్నకేశవులు పాస్‌వర్డ్‌తో పోల్చి, అక్కడితో ఆగిపోతోంది. ఆ మొదటాయన కంభం రైతు. మిగిలిన చెన్నకేశవులందరికీ తలుపు మూసే ఉంది. "ఈ ఊర్లో పుట్టి, ఇంటికొక చెన్నకేశవులుంటాడని మర్చిపోయినా చూడు. గుళ్లో చెన్నకేశవసామి నవ్వుకుంటుంటాడు," అని తనను తానే తిట్టుకుంది. పేరుకు బదులు ఫోన్ నంబరుతో వెతికేలా మార్చింది. ఆయనకు ట్యాంకరు ఖాయమైంది.

నేను హమ్మయ్య అనుకుని టీ చెప్పబోయాను. అక్క కూర్చోలేదు. "ఈయనంటే బస్సెక్కి వచ్చినాడు. రానోళ్ల సంగతేంది?"

పాస్‌వర్డ్ తప్పని సర్వరు వెనక్కి పంపిన వాళ్లందరినీ నాచేత వెతికించి, తనే ఫోన్లు చేసింది. చాలామంది తిట్టారు. తిట్లన్నీ పడి, తర్వాతి నంబరు కొట్టింది. ఒకాయన మాత్రం తిట్టలేదు. ఫోన్ స్పీకరులో ఉంది, నేనూ విన్నాను. "నేనే సరిగ్గా కొట్టలేదనుకున్నా తల్లీ. పెద్దగా చదువుకోనోణ్ణి గదా, ఎవుర్ని అడిగేది? చెట్లు నిన్ననే నరికేసినాము."

అక్క స్పీకరు తీసేసి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. "తప్పు నీది కాదన్నా, నాది," అని మాత్రం అంది.

ఇప్పుడు నేనూ వెబ్‌సైట్లు రాసే పనిలోనే ఉన్నాను. లాగిన్ బాగైందని అందరూ ఇళ్లకు బయల్దేరుతుంటే నాకు మనసు నిలవదు. ఫిర్యాదు చేయనివాళ్లకు ఫోన్ చేస్తాను. తప్పు తనదేననుకుని నోరు మూసుకున్న మనిషి ఒక్కడైనా ఉంటాడేమోనని భయం. ప్రతిసారీ ఒకడు ఉంటూనే ఉన్నాడు.