అత్త పేరు పెట్టిన కథ

అత్త పోయిందని నాకు ఎవ్వలు ఫోన్ చెయ్యలె. నేను పాఠాలు చెప్పే బామ్ని బడిల మధ్యాహ్నం అన్నం తింటుంటె తోటి టీచరు చెప్పింది, "మీ రేగుంటల ఎవలో ముసలామె పోయినట్టున్నది. పొద్దుగాల బస్సుల వస్తుంటె పాడె ఎదురైంది" అని. తమ్మునికి ఫోన్ చేసి అడిగిన. "నీకెట్ల చెప్పాల్నో సమజ్ గాలె అక్కా" అన్నడు. అప్పుడు తెలిసింది ఎవలో. ఆ దినం నేను పోలె. పోయే మొఖం లేదు.

అత్తంటె చుట్టరికం ఏం లేదు. మా పుట్టింటి ఎనుక ఇల్లు. నేను అత్తా అంటె ఆమె కోడలా అనేది. పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాసిన, అదే ఎక్కువైంది.

మా ఊరు ప్రాణహిత ఇవతల, మరాఠీ రాజ్యంల ఉన్నది, బడి గూడ మరాఠీదే. ఇంట్ల తెలుగు మాట్లాడుతుంటిమి గని రాసుడు రాదు. అత్త నది అవతల తెలుగు బడిల అయిదు దాక చదివి వచ్చింది. మిరపకాయల తొడిమెలు తీసుకుంట, వాకిట్ల బొగ్గుతోని అక్షరాలు రాసి నాతోని దిద్దిచ్చేది. ఆ చేతుల్తోనే కండ్లు నులుముకొని ఇద్దరం ఏడ్సుకుంట నవ్వినం. నేను ఇయ్యాల తెలుగుల రాస్తున్ననంటె అది ఆమె పెట్టిన భిక్షే.

కథలు రాసుడు షురూ చేసినంక ముందుగాల ఆమెకే చదివి వినిపిచ్చేదాన్ని. మొదటి కథల కూలిపనికి పోయే ఆడామెకు స్వప్న అని పేరు పెట్టిన. అత్త చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. "గీ పేరు గలామె మిరపతోటల వంగుతదానే?" అన్నది. "ఇద్దరు పిల్లలు పోయినంక పుట్టిన దానికి పెంటమ్మ అని పెడ్తరు. చావుకు గూడ అసయ్యం కావాల్నని. ఆ పేర్ల తల్లి భయం ఉన్నది. నీ స్వప్నల ఏమున్నది?" స్వప్నను అప్పుడే కొట్టేసిన. తర్వాత ఏ కథ రాసినా పేర్లు ఆమెనే అడిగేదాన్ని. పప్పు చెరుక్కుంట, మనిషి ఎసుంటిదో మొత్తం విని, నాలుగు పేర్లు చెప్పి, మూడు ఆమెనే తీసేసేది.

ఒకనాడు తొడిమెలు తీసుకుంట తన కతే చెప్పింది. అవతలి ఒడ్డున మొదటి పెనిమిటి ఉండె. కట్టెతోని కొట్టేటోడు. రెండేండ్ల బిడ్డ నిద్రల ఉండంగ పడవ ఎక్కి ఇటు వచ్చేసింది. ఇక్కడ చేసుకున్న మామకు తెలుసు. ఇక్కడ పుట్టిన బిడ్డకు తెల్వది. "నీ కడుపుల పెట్టుకో కోడలా" అన్నది.

నేను పెట్టుకోలె. కథ రాసిన. ఊరు మార్చిన, నదిని మార్చిన, మొగని పని మార్చిన. పేరు గూడ మార్చి చూసిన, మూడుసార్లు. ఏ పేరు పెట్టినా ఆ ఆడామె పడవ ఎక్కుతనే లేదు. అత్త పేరు పెట్టంగనే ఎక్కింది. హైదరాబాదుల అచ్చయ్యే పత్రిక రేగుంట దాక ఎవలు తెస్తరులె అనుకున్న. ఆమెకు చదివి వినిపియ్యని కథ అదొక్కటే. అంటె, చేసేది తప్పని నాకు ఎరుకే.

పెండ్లికని నది అవతలి నుంచి వచ్చిన చుట్టమొకామె ఆ పత్రిక తెచ్చి అత్త బిడ్డకు ఇచ్చింది. వారం దినాలకు అత్త ఆటో ఎక్కి బామ్ని బడికాడికి వచ్చింది. లోపలికి రాలె. గేటు కాడనే నిలవడ్డది.

"పేర్లన్ని ఒడిసి నా పేరే మిగిలిందా కోడలా?"

"అత్తా, పుస్తకం వేసేటప్పుడు మారుస్త."

"మార్చుకో. నా బిడ్డ అడిగింది, అంత చిన్నపిల్లను ఎట్ల ఇడిసి వచ్చినవే అని. నలభై ఏండ్ల సంది నన్ను నేను అడుగకుంట బతికిన మాట అది."

నేను ఏడుస్తున్న. ఆమె ఏడ్వలె.

"నేను గూడ చదివిన. బాగనే రాసినవ్. గదే నాకు మంట."

ఆ తర్వాత నాలుగేండ్లు బతికింది. నాతోని ఒక్క మాట మాట్లాడలె. పుస్తకంల పేరు మార్చిన. ఆ కథ ఇప్పుడు నేనే చదువలేను, పానం లేదు దాంట్ల. చెయ్యరాని పని చేసిన. గని ఆ కథకు ఆ పేరే సరైందని ఇప్పటికీ అనిపిస్తది. ఇంత జరిగినంక గూడ గట్ల అనిపిచ్చుడే నాకు అన్నిటికన్న చేదు.

పదకొండో దినం పోయిన. అత్త బిడ్డ నన్ను చూసి పొమ్మనలె, రమ్మనలె. అరుగు మీద ఒకామె ఒక్కతే కూసోనున్నది. యాభైకి దగ్గర ఉంటది. అత్త నొసలే, అత్త ముక్కే. నది అవతలి నుంచి వచ్చిందట. ఇంటోళ్లకు ఆమెను ఏమని పిలువాల్నో తెలుస్తలేదు. ఇస్తారి చేతికిచ్చి పక్కకు జరిగిన్రు.

నేను దాటుకొని పోతుంటె ఆపింది.

"ఆ కథ రాసింది నువ్వేనా?"

అవునన్న.

"నాకు చదువు రాదు. ఎవలో చదివి చెప్పిన్రు. పడవ, కట్టె దెబ్బలు అన్ని ఉన్నయట గద. అండ్ల నా పేరేం పెట్టినవ్?"

కథల ఆ బిడ్డకు నేను పేరు పెట్టలె. ఒక్కటే చోట వస్తది, నిద్రపోతున్న పిల్ల అని.

ఆమె నా మొఖం దిక్కే చూస్తున్నది. ఇస్తారిల అన్నం అట్లనే ఉన్నది.