మూడు గింజల దగ్గర ఆగిన లెక్క

దయ్యాన్ని చూశామని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది ఏ వారం, ఎన్ని గంటలకు అని. దానికి జవాబు రాకపోతే మిగతాది వినను. అరవై తొమ్మిదేళ్ళు ఇలాగే గడిపాను. మా వీధిలో ఒక ఇంటికి గాలి సోకిందని వేపమండలు కడితే, ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని బియ్యం ఏరుకున్నదాన్ని. కాబట్టి ఇది ఎవరినీ భయపెట్టడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు, నా పుస్తకంలో గుర్తు పెట్టుకున్న ప్రకారం రాస్తున్నాను.

నిరుడు ఫిబ్రవరి మూడో గురువారం. పట్టపగలు.

మాది ధర్మవరం. నా పని అచ్చులు అతకడం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగునూ పాత పడుగు కొసతో కలిపి, వేళ్ళకు బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ముడి వేయకూడదు, మెలి మాత్రమే. అలా నాలుగువేల పైచిలుకు పోగులు. తర్వాత నేతగాడు ఆ అతుకులన్నిటినీ దువ్వెనలాంటి అచ్చులోంచి మెల్లగా లాగుతాడు. మెలి బలహీనంగా ఉంటే పోగు అక్కడే తెగుతుంది. మా పనితనమంతా ఆ కాసేపట్లో తేలిపోతుంది.

ఈ పనికి కన్నే ముఖ్యం. చూపు ఒక పోగు మీద నిలిచిందంటే పక్క పోగు బజారుకు అవతల ఉన్నంత దూరమవుతుంది. గది ఉండదు, మనుషులుండరు, మగ్గాల చప్పుడుండదు. తలెత్తేసరికి రెండు గంటలు పోయి ఉంటాయి. అందుకే నేను వంద అతుకులకు ఒక చింతగింజ చొప్పున పక్కనున్న గిన్నెలో వేస్తాను. నిమిషానికి పది అతుకులు, గంటకు ఆరు గింజలు. నలభై ఒక్క ఏళ్ళలో ఆ లెక్క తప్పలేదు.

సరోజ నా మరిది భార్య. నాకంటే పదహారేళ్ళు చిన్నది. ఆమెకు ఈ పని నేర్పింది నేనే. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి ఆమె మెలి మా మెలికి ఎదురుగా తిరుగుతుంది. కుడిచేత్తో చెయ్యమని మొదట్లో వేళ్ళ మీద కొట్టాను కూడా. తర్వాత ఆ ఎడమచేతి మెలికే వీధిలో పేరు వచ్చింది. సరోజమ్మ అతికితే పోగు తెగదన్నారు.

మా వీధిలో పంతొమ్మిది మగ్గాలు. నా కంటికి శుక్లం ఆపరేషన్ అయిన ఏడాది, పదకొండు మగ్గాలవాళ్ళు నన్ను మాని ఆమెను పిలిచారు. ఏ ఇల్లు, ఏ రోజు, అన్నీ రాసుకున్నాను. రాసిన ప్రతిసారీ కడుపులో మంట. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఎప్పుడూ అక్కా అనే పిలిచేది. అది ఇంకా మంట.

నాకు మిగిలిన ఎనిమిదిలో నాలుగు ఓబులేసువి. ఆ గురువారం అతని ఇంట్లో పెళ్ళిచీరల పడుగు అతకాలి. ఓబులేసు మొహమాటం లేని మనిషి.

"పెద్దమ్మా, ఊరికే మాటలెందుకు? నువ్వొక పక్క, సరోజక్క ఒక పక్క అతకండి. ఎవరి పక్క పోగులు తెగుతాయో చూస్తా. ఇంక మీదట నాలుగు మగ్గాలకూ ఒకరే," అన్నాడు.

"నా పక్క తెగితే నీ ఇంటి గడప తొక్కను పోప్పా," అన్నాను.

"నువ్వు తొక్కకపోతే నా మజ్జిగలో ఉప్పు ఎక్కువైందని ఎవురు చెప్తారు పెద్దమ్మా?" అని అతని భార్య నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ నాలుగు పోతే మిగతా నాలుగూ వాటి వెనకే పోతాయి. పని పోతే నేను ఇంట్లో ఒక మూల కూర్చోవాలి.

మొదలుపెట్టేటప్పటికి గోడ గడియారం పదీ నలభై. నేను కుడి అంచున, సరోజ ఎడమ అంచున కూర్చున్నాం. మధ్యలో రెండు మూరల పైన ఎడం. ఇద్దరం అతుక్కుంటూ నడిమికి రావాలి. తర్వాత వాదన రాకుండా నా అంచుకు ఓబులేసు ఎర్రదారం కట్టాడు. అతని భార్య ఎదురుగోడ దగ్గర కండెలకు దారం చుడుతోంది.

మూడో గింజ వేసేసరికి పదకొండూ పది. అప్పుడు సరోజ వైపు చూశాను. ఎంతవరకు వచ్చిందో చూద్దామని, అంతే.

చూపు అక్కడే అతుక్కుపోయింది. ఆమె వేళ్ళు నా ముక్కు ముందే కదులుతున్నట్టున్నాయి. గోరు అంచున బూడిద రేణువు కనిపించింది. అద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కించలేని కన్ను నాది. పోగు మెలి తిరగడం ఒక్కొక్క చుట్టూ చూశాను. ఒక అతుకుకూ ఇంకో అతుకుకూ మధ్య ఎంతో కాలం ఉంది. ఆ చేతులు నావి ఎందుకు కాలేదు అని ఒకటే అనుకుంటున్నాను. మొత్తం మీద ఆమె వేసిన మెలులు నలభైకి మించి చూసి ఉండను. అంటే నాలుగు నిమిషాలు.

"అయిపాయనే పెద్దమ్మా! మజ్జిగ తాగు," అన్న మాట వినిపించింది.

ఓబులేసు భార్య చెంబు పట్టుకుని నిలబడి ఉంది. గడియారం రెండూ ఇరవై. సరోజ భుజం నా భుజానికి తగులుతోంది. ఆ రెండు మూరలూ ఎప్పుడు తరిగాయో నాకు తెలియదు. కిందికి చూస్తే నా పక్క పోగులన్నీ అతికి ఉన్నాయి. ఒక్కటీ అతికిన జ్ఞాపకం లేదు. గిన్నెలో మూడే గింజలు.

ఓబులేసు అతుకులు లాగాడు. సరోజ పక్క పదిహేడు తెగాయి. నా పక్క ఒక్కటీ తెగలేదు.

"ఏమప్పా ఇది! పెద్దమ్మ చేతిలో ఇంకా సత్తువ ఉండాదే," అన్నాడు.

వాళ్ళు అవతలికి వెళ్ళాక అద్దాలు తుడుచుకుని దగ్గరగా చూశాను. ఎర్రదారం నుంచి మొదటి మూడు వందలు నా మెలి. ఆ తర్వాత నడిమిదాకా పంతొమ్మిది వందలు. అన్నీ ఎడమచేతి మెలి.

ఇంటికి వచ్చే దారిలో సరోజ చేతులు నలుపుకుంటూ నడిచింది. ఆమె వేళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"గింజ పడే సప్పుడు ఆగినప్పటి నుంచి నా చేతులు బరువెక్కినాయక్కా. ఇద్దరి పని ఒక్కదాన్నే చేసినట్టుండాది. ఏం చూస్తాంటివి అంతసేపు?" అంది.

"నేనేడ చూస్తి? నా పని నేను చేసుకుంటి," అన్నాను.

మరుసటి రోజు ఓబులేసు భార్యను వేరే మాటల్లో పెట్టి అడిగాను. ఇద్దరం లేవలేదని, సరోజ తన పక్కే అతికిందని చెప్పింది. "నువ్వైతే తల వంచినదానివి వంచినట్టే ఉంటివి. ఒక్కతూరి కూడా పక్కకు చూడలే," అంది.

నా మనవరాలు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆమెకు సగం చెప్పాను. చూపు ఒకచోట బిగుసుకుంటే కాలం అంచనా తప్పుతుందట, అలవాటైన పనిని చేతులు వాటంతటవే చేస్తాయట. ఒప్పుకుంటాను. రెండు వేల రెండు వందల అతుకులు, రెండు వందల ఇరవై నిమిషాలు అని ఎటునుంచి లెక్క వేసినా నా చేతుల వేగానికి సరిపోతోంది. కానీ నా చేతుల అలవాటు కుడి మెలి. ఎడమ మెలి వేద్దామని ఇంట్లో తలుపేసుకుని ఎన్నోసార్లు కూర్చున్నాను. పది వేస్తే ఆరు విడిపోతాయి.

ఓబులేసు నాలుగు మగ్గాలూ ఇప్పుడు నావే. ఇంకో ఆరుగురు తిరిగి వచ్చారు. ప్రతి పడుగుకూ నా అతుకులు అయిదో ఆరో తెగుతూనే ఉన్నాయి. ఆ గురువారాన్ని తలచుకుని అందరూ సర్దుకుంటారు. సరోజ అతకడం మానేసి కండెలు చుట్టడానికి పోతోంది. వేళ్ళు నిలవడం లేదంటుంది. నేను చూసిన సంగతి ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే మగ్గాలు ఎవరివో కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆ మూడు గంటల పది నిమిషాలు ఎక్కడికి పోయాయో, ఎవరి చేయి ఎవరి పోగు మీద పనిచేసిందో నాకు ఈ రోజుకూ తెలియదు. పెద్దమ్మ అతికితే పోగు తెగదని వీధిలో ఇప్పుడు అంటారు. ఆ మాట విన్నాక సరోజ మీద మంట చల్లారాలి. చల్లారలేదు. నా జన్మలో నా చేతుల మీదుగా జరిగిన మేలైన పని ఆ పంతొమ్మిది వందల అతుకులే. అవి ఆమెవి.