అంగుళం తేడా రాని పందిరి

మా శ్యామలక్క పెళ్ళి ఆగిపోయేంత పని చేశాను నేను. ఆకాశరామన్న ఉత్తరం రాయలేదు, చాడీలు చెప్పలేదు. పెన్సిలు పట్టుకున్నానంతే. గోరంతను కొండంత చేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. పద్నాలుగడుగుల పందిరిని అయిదడుగులకి దించినదాన్ని మాత్రం పి.గన్నవరం చుట్టుపక్కల నేనొక్కదాన్నే. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు. అమలాపురంలో డిగ్రీ చదువుతూ, ఫోన్లో చూసి పర్‌స్పెక్టివ్ బొమ్మలు నేర్చుకుంటున్నాను. అంటే ఏం లేదండీ, దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా గీసి, చదునైన కాగితం మీద లోతు పుట్టించే విద్య. గీతలన్నీ అలా వెళ్ళి వెళ్ళి ఒక చుక్కలో కలిసి మాయమవుతాయి. ఈ రహస్యం తెలిసిన రోజు నుంచి నేను మనుషుల్లో లేను. గోదావరి పాయ మీదుగా కాలవని దాటించే అక్విడెక్టు వంతెన దగ్గర నిలబడి, చివరి కమాను నా గాజులో పట్టేస్తోంది చూడండని బస్సు కోసం ఎదురుచూసేవాళ్ళకి పాఠం చెప్పేదాన్ని. దూరపు కొండలు నునుపని పెద్దలు కనిపెడితే, దూరపు స్తంభాలు పొట్టివని నేనే కనిపెట్టినంత గర్వం.

శ్యామలక్క మా పెద్దనాన్న పెద్దకూతురు. ఆవిడ తరవాత చిట్టి. పెద్దనాన్న లెక్కల మేస్టారుగా చేసి రిటైరయ్యారు. అక్కకి రాజోలు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు బంగారం. వాళ్ళ నాన్నగారే మా ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేశారు. ఆయనకి అలిగి లేచి వెళ్ళిపోయే అలవాటుంది. పెద్దకొడుకు పెళ్ళిలో కాఫీ చల్లారిందని లేచి వెళ్ళిపోతే, ఆడపిల్లవాళ్ళు కాలవగట్టు దాకా పరిగెత్తి బతిమాలి తెచ్చుకున్నారట. మేనల్లుడి పెళ్ళిలో విస్తరి చిరిగిందని పప్పు దగ్గరే లేచి వెళ్ళిపోయారట. ఆయన లేస్తే పెళ్ళికొడుకు లేస్తాడు. పెళ్ళికొడుకు లేస్తే మా అక్క పీటల మీద ఒక్కతే మిగులుతుంది. ఆ భయంతో పెద్దమ్మ వారానికి మూడుసార్లు ఐనవిల్లి వినాయకుడికి మొక్కుకుంటోంది.

తాంబూలాలప్పుడు ఆ వియ్యంకుడు గారు, పందిరి మాత్రం ఘనంగా ఉండాలండీ అని ఒక మాట విసిరి వెళ్ళారు. ఘనం అంటే ఎంతో మా పెద్దనాన్నకి అంతుపట్టలేదు. నేను గీసి చూపిస్తానన్నాను. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళాను.

ఫోన్లో ఒక యాప్ ఉంది. అందులో స్తంభాల మండపం బొమ్మ దొరికింది. వేలితో ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తున్నట్టు తిప్పి పెట్టుకుని, చార్టు మీద అచ్చంగా దింపేశాను. ముందు రాటలు ఆకాశాన్నంటుతున్నాయి. లోపలికి పోయేకొద్దీ చిన్నవై, దగ్గర దగ్గరగా జరిగి, చిట్టచివర పెళ్ళి మండపం అగ్గిపెట్టెలా ఉంది. పెద్దమ్మ చూసి కళ్ళు తుడుచుకుంది. రాజుల కోటలా ఉందే అంది. స్తంభాన్ని నొక్కితే దాని అసలు ఎత్తు చూపించే ఏర్పాటు కూడా ఆ యాప్‌లో ఉందట. తరవాత తెలిసింది.

పందిళ్ళు వేసే సూరన్న మేస్త్రి వచ్చి బొమ్మ చూశాడు. "బొమ్మ బాగుందండి అమ్మాయిగారూ. కొలతలేసి ఇవ్వండి. లేపోతే మావోళ్ళు ఎలా పడితే అలా పాతేత్తారండి, ఆయ్."

ఇక్కడే నా కొంప మునిగింది. స్కేలు తీసుకుని చార్టు మీదే కొలిచాను. సెంటీమీటరుకి అడుగు చొప్పున ప్రతి రాట పక్కనా రాశాను. మొదటి రాట పద్నాలుగు, తరవాత పదకొండు, తొమ్మిది, ఏడు, ఆరు, చివరిది అయిదు. రాటకీ రాటకీ మధ్య దూరం కూడా అలాగే. పెద్దనాన్న ఎర్రపెన్నుతో గుణకారాలన్నీ సరిచూసి, ఒక్క తప్పూ లేదని నా వీపు తట్టారు. సూరన్నని పిలిచి, కాగితంలో ఉన్నదానికి అంగుళం తేడా రాకూడదన్నారు. ముప్పయ్యేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి సంతకం కూడా పెట్టారు.

నన్ను జాకెట్లు కుట్టించుకు రమ్మని అమలాపురం పంపారు. రెండు రోజులు దర్జీ దుకాణం ముందు కాపలా కాసి, పెళ్ళికి ముందు రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చాను. వీధి లోంచి చూస్తే పందిరి నా బొమ్మలా ఉంది. నా బొమ్మలా అంటే అచ్చంగా నా బొమ్మలాగే. పొంగిపోయి లోపలికి నడిచాను. పది అడుగులు వేసేసరికి నెత్తికి వాసం తగిలింది. పందిరి అయిపోయింది. అరవై అడుగులు ఉండాల్సింది పాతికడుగులు కూడా లేదు. గుమ్మం దగ్గర ఏనుగు పడుతుంది, చివర మేకపిల్ల ఆలోచించుకోవాలి. కాలవలో చేపలకి పెట్టే వెదురుబుట్ట లాగా ఉంది.

సూరన్న చార్టు చేత్తో పట్టుకుని గర్వంగా నిలబడ్డాడు. "మండపం పట్టలేదండి, కాళ్ళు కోసేమండి. అంగుళం తేడా ఉంటే చెప్పండి."

"నీకు అనుమానం రాలేదా సూరన్నా?"

"వచ్చిందండి. ఇప్పుడిదే ఫ్యాషనేమో అనుకున్నానండి. మేస్టారు సంతకం పెట్టేరు కదండీ."

పెద్దనాన్న చార్టు చూశారు, పందిరి చూశారు, నన్ను చూశారు. ఆ చూపులో నేనే ఆ చివరి చుక్కలో కలిసి మాయమైపోతే బాగుండుననిపించింది. రాటలు పీకి పొడుగువి వేద్దామంటే మా మేనత్త ఒప్పుకోలేదు. ముహూర్తం పెట్టి రాట వేశాక పెళ్ళయ్యేదాకా పందిరి కదిపితే అరిష్టమని, తన శవం మీద కదపమనీ కూర్చుంది.

అప్పుడు నాకు ఇంకో తెలివి పుట్టింది. పైన పెంచకపోతేనేం, కింద తవ్వుదాం అన్నాను. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని అనాల్సిన మాటేనా అది? మూరెడు తవ్వారో లేదో గోదావరి తల్లి పలకరించింది. మండపం కింద మడుగు. దాన్ని పూడ్చడానికి ట్రాక్టరు ఇసక దింపారు. పూడ్చి, తొక్కి, చదును చేసేసరికి నేల అంతకు ముందుకంటే అరడుగు లేచింది. అయిదడుగుల పందిరి నాలుగున్నరైంది. నన్ను వంటశాలలోకి పొమ్మన్నారు. పోయాను.

మర్నాడు ఉదయం మేళతాళాలతో మగపెళ్ళివారు దిగారు. వియ్యంకుడు గారు ఆరడుగుల మనిషి. గుమ్మంలో ఆగి లోపలికి చూసి, ఎంత పొడుగు పందిరండీ, మండపం ఎక్కడో ఉంది అని మెచ్చుకున్నారు. నేను గుంజ వెనక దాక్కుని దణ్ణాలు పెట్టుకుంటున్నాను. ఆయన నడిచారు. నాలుగో రాట దగ్గర తలపాగా తీశారు. అయిదో రాట దగ్గర తల వంచారు. అవతల నుంచి పెద్దనాన్న చేతులు జోడించి, నడుము విరిగేలా వంగి ఎదురొచ్చారు. ఇద్దరూ వంగిపోయి ముఖాముఖీ నిలబడ్డారు. మేస్టారికి ఎంత వినయమో అని వాళ్ళు అనుకున్నారు. అంత గొప్పవాళ్ళకి ఎంత అణకువో అని మావాళ్ళు అనుకున్నారు. ఆ రోజు రెండు వైపులా మూడొందలమంది ఒకరికొకరు వంగి వంగి నమస్కారాలు చేసుకున్నారు.

అందరూ కూర్చున్నారు. అప్పుడొచ్చింది కాఫీ. తెచ్చే మనిషి మోకాళ్ళ మీద రావాలి కదా, వచ్చేసరికి చల్లారిపోయింది. వియ్యంకుడు గారు ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టారు. సన్నాయి ఆగింది.

"ఇదేనాండీ మర్యాద? మేం లేచి వెళ్ళిపోతామండి" అని ఆయన లేచారు. తల ఠంగుమని వాసానికి తగిలింది. కూర్చున్నారు. నెత్తి తడుముకుని మళ్ళీ లేచారు. మళ్ళీ తగిలింది. మళ్ళీ కూర్చున్నారు. గుమ్మం వైపు చూశారు. అక్కడికి పోవాలంటే సగం దూరం చేతులూ మోకాళ్ళ మీద పోవాలి. పాకుతూ అలిగి వెళ్ళిన మగపెళ్ళివారు మా వైపు ఇంతవరకూ లేరు.

ఆయన గ్లాసు ముందుకి జరిపి, "పోనీలెండి, ఇంకో కాఫీ ఇప్పించండి" అన్నారు.

పంతులుగారు వెంటనే మంత్రం అందుకున్నారు. హోమం పొగ పోయే దారి లేక అందరి కళ్ళూ నీళ్ళు. కొడుకు పెళ్ళికి ఆయన ఎంత కరిగిపోయారో చూడండని మా మేనత్త అందరికీ చెప్పింది. అక్క మెళ్ళో మూడు ముళ్ళూ పడ్డాయి. నేను గుంజ పట్టుకుని ఏడ్చేశాను. నాది పొగ కాదు.

మర్నాడు పెద్దనాన్న పిలిచారు. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్ళి, ఆ చార్టు చింపేస్తాను పెద్దనాన్నా అన్నాను.

"చింపితే ఊరుకోను. బీరువాలో పెట్టు. చిట్టి పెళ్ళికి కావాలి" అన్నారాయన. కాస్త ఆలోచించి, "చివర ఇంకో అరడుగు తగ్గించు" అన్నారు.

నేను తిన్నగా ఐనవిల్లి వెళ్ళి, పదకొండు గుంజీళ్ళు తీసి, స్వామి ముందు ఒట్టు వేసుకున్నాను. బొమ్మ అడిగినవాళ్ళకి కొలతలు ఇవ్వను, కొలతలు అడిగినవాళ్ళకి బొమ్మ ఇవ్వను, ఎంత దూరాన ఉన్నదాని ఎత్తు దానికే వదిలేస్తాను స్వామీ అని. ఇవాళ్టి దాకా ఆ ఒట్టు తప్పలేదు. కానీ చిట్టికి సంబంధం కుదిరింది. ఆ వియ్యంకుడు గారు కాఫీ విషయంలో రాజోలు ఆయన్ని మించినవారని వినికిడి. స్వామి పెద్ద మనసు చేసుకోవాలి.